మినీ ట్రాక్టరు ఆయిళ్లు, ఫిల్టర్లు: వాకాడు తీరప్రాంతం

మన దేశంలో సుమారు 30 హార్స్‌పవర్ లోపు ట్రాక్టర్లను మినీ ట్రాక్టర్లు అంటారు. వీటి ఇంజిన్, గేరుపెట్టె, హైడ్రాలిక్ లిఫ్టు, ముందు ఇరుసు అరిగిపోకుండా ఆయిళ్లు కాపాడతాయి. ఆ ఆయిల్లోకి, డీజిల్లోకి, ఇంజిన్ పీల్చే గాలిలోకి చేరే మలినాలను ఫిల్టర్లు పట్టి ఆపుతాయి. ఆయిల్ ఎంపికలో కంపెనీ పేరు కంటే డబ్బా మీద ముద్రించిన గ్రేడు, స్పెసిఫికేషన్ ముఖ్యం. ఈ రెండూ ట్రాక్టరుతో ఇచ్చే పుస్తకంలో ఉంటాయి. ఎప్పుడు మార్చాలన్నది మాత్రం పుస్తకం ఒక్కటే చెప్పలేదు. బండి పనిచేసే నేల, నీరు, గాలి కూడా దాన్ని నిర్ణయిస్తాయి. దమ్ము నీరు, ఇసుక దుమ్ము, ఉప్పుగాలి మూడూ ఒకేచోట కలిసే వాకాడు ప్రాంతంలో ఈ విషయం మరింత స్పష్టంగా కనిపిస్తుంది.

ప్రాంతం, పని తీరు

స్వర్ణముఖి నది బంగాళాఖాతంలో కలిసే ప్రాంతంలో ఉన్న మండల కేంద్రం వాకాడు. చాలాకాలం నెల్లూరు జిల్లాలో ఉన్న ఈ మండలం 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన తిరుపతి జిల్లాలో చేరింది. స్వర్ణముఖి బ్యారేజీ, చెరువులు, బోర్ల కింద వరి సాగవుతుంది. తూపిలిపాలెం, దుగరాజపట్నం వైపు సముద్రతీరం, ఇసుక నేలలు, ఉప్పునీటి రొయ్యల గుంటలు ఉన్నాయి. దక్షిణాన పులికాట్ సరస్సు దగ్గరే. పడమరగా గూడూరు, వెంకటగిరి వైపు పోతే నిమ్మతోటలు కనిపిస్తాయి. వెంకటగిరి దగ్గర పెట్లూరులో నిమ్మ పరిశోధన స్థానం కూడా ఉంది.

ఇక్కడ వానలు ప్రధానంగా ఈశాన్య రుతుపవనాలతో, అక్టోబరు నుంచి డిసెంబరు లోపు కురుస్తాయి. వరి కయ్యలకు దమ్ము చేసే పని ఆ రోజుల్లోనే ఒక్కసారిగా మీద పడుతుంది. నీళ్లు ఉన్న ఏడు రెండో పంట అయిన ఎడగారుకు మళ్లీ దమ్ము తప్పదు. నిమ్మచెట్ల వరుసల మధ్య దున్నడానికి, చిన్న కయ్యల్లో మలుపు తిప్పడానికి పెద్ద ట్రాక్టరు కంటే మినీ ట్రాక్టరు వీలుగా ఉంటుంది. రొయ్యలు పట్టాక గుంట అడుగును ఎండబెట్టి దున్నడానికీ చిన్న బండ్లు పనికొస్తాయి. ఒకే బండి ఒక నెలలో అడుసులో, మరో నెలలో దుమ్ములో, ఇంకో నెలలో ఉప్పు మట్టిలో తిరగవచ్చు. మెట్టపొలాల్లో మాత్రమే తిరిగే బండిని లెక్కలో పెట్టుకుని రాసిన సర్వీసు గడువులు ఇలాంటి బండికి యథాతథంగా సరిపోవు.

మినీ ట్రాక్టర్లు

మహీంద్రా యువరాజ్ 215, స్వరాజ్ 717 దాదాపు 15 హార్స్‌పవర్ బండ్లు. మహీంద్రా జీవో 245 డీఐ 24 హార్స్‌పవర్, కుబోటా నియోస్టార్ బి2741 ఇంజిన్ 27 హార్స్‌పవర్, జాన్ డీర్ 3028ఈఎన్ 28 హార్స్‌పవర్ ఇస్తాయి. బెంగళూరులో 1967లో మొదలైన వీఎస్‌టీ సంస్థ పవర్ టిల్లర్లతో పాటు మినీ ట్రాక్టర్లూ తయారుచేస్తోంది. కుబోటా భారత సంస్థ 2008లో చెన్నై కేంద్రంగా ఏర్పడింది. తెలంగాణలోని జహీరాబాద్‌లో మహీంద్రా ట్రాక్టర్ల కర్మాగారం 2013 నుంచి నడుస్తోంది. జపాన్‌లోని మిత్సుబిషి మహీంద్రా సంస్థతో కలిసి రూపొందించిన ఓజా శ్రేణిని 2023 ఆగస్టు 15న కేప్‌టౌన్‌లో విడుదల చేశారు. ఆ బండ్లు తయారయ్యేది జహీరాబాద్‌లోనే.

ఈ బండ్ల లోపలి అమరిక ఒక్కటి కాదు. కొన్నింటికి ఒకటి రెండు సిలిండర్లు, మరికొన్నింటికి మూడు. కొన్ని బండ్లలో గేరుపెట్టె ఆయిల్, హైడ్రాలిక్ ఆయిల్ వేర్వేరుగా ఉంటాయి. మరికొన్నింటిలో గేర్లు, లిఫ్టు, ఆయిల్లో మునిగి పనిచేసే బ్రేకులు అన్నింటికీ వెనుక హౌసింగ్‌లోని ఒకే ఆయిల్. ఫోర్‌వీల్ డ్రైవ్ ఉన్న బండికి ముందు ఇరుసులో విడిగా ఆయిల్ ఉంటుంది. అందువల్ల పక్క రైతు బండికి పోసిన ఆయిల్ మన బండికీ సరిపోతుందని అనుకోకూడదు.

ఇంజిన్ ఆయిల్

ఇంజిన్ ఆయిల్ డబ్బా మీద రెండు విషయాలు చూడాలి. ఒకటి ఆయిల్ చిక్కదనాన్ని చెప్పే ఎస్‌ఏఈ గ్రేడు. రెండోది ఆయిల్ నాణ్యతను చెప్పే ఏపీఐ తరగతి.

అమెరికాలో 1905లో ఏర్పడిన ఆటోమోటివ్ ఇంజినీర్ల సంఘం ఎస్‌ఏఈ. అది చిక్కదనం వర్గీకరణను 1911లో తొలిసారి ప్రచురించింది. 15డబ్ల్యూ-40, 20డబ్ల్యూ-40 అనే గ్రేడుల్లో డబ్ల్యూ ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎంత సులువుగా కదులుతుందో చెబుతుంది. వెనుకనున్న 40 అనే అంకె 100 డిగ్రీల సెల్సియస్ వేడిలో మిగిలే చిక్కదనానికి గుర్తు. ఆ వేడిలో 40 గ్రేడు ఆయిల్ చిక్కదనం 12.5 నుంచి 16.3 సెంటీస్టోక్స్ మధ్య ఉండాలి. 30 గ్రేడుకు ఇది 9.3 నుంచి 12.5, 50 గ్రేడుకు 16.3 నుంచి 21.9. డబ్ల్యూ అంకెకు సంబంధించిన పరీక్షలు జరిగేది సున్నా కంటే ఎంతో తక్కువ ఉష్ణోగ్రతలో. 15డబ్ల్యూ ఆయిల్‌ను మైనస్ 20 డిగ్రీల వద్ద, 20డబ్ల్యూ ఆయిల్‌ను మైనస్ 15 డిగ్రీల వద్ద పరీక్షిస్తారు.

వాకాడు తీరంలో అలాంటి చలి లేదు. కాబట్టి స్టార్టింగ్ కష్టమవుతుందన్న భయంతో ఇక్కడ 20డబ్ల్యూ ఆయిల్‌ను పక్కన పెట్టనక్కర్లేదు. వేడెక్కాక రెండూ 40 గ్రేడు ఆయిళ్లే. అయితే రాత్రంతా ఆగిన ఇంజిన్‌ను ఉదయం తిప్పినప్పుడు 15డబ్ల్యూ-40 కాస్త త్వరగా పైభాగాలకు చేరుతుంది. పుస్తకం రెండింటినీ అనుమతిస్తే ఏదైనా పోయవచ్చు. ఒక్కదాన్నే సూచిస్తే దానికే కట్టుబడాలి. ఎండలు ఎక్కువని సొంత నిర్ణయంతో మరింత చిక్కని ఆయిల్ పోయడం పొరపాటు. అవసరానికి మించి చిక్కనైన ఆయిల్ సన్నని సందుల్లోకి ఆలస్యంగా చేరుతుంది. ఇంజిన్‌కు తిరగడం బరువై డీజిల్ కూడా ఎక్కువ పడుతుంది.

ఏపీఐ తరగతుల్లో సి అక్షరంతో మొదలయ్యేవి డీజిల్ ఇంజిన్ల కోసం, ఎస్ అక్షరంతో మొదలయ్యేవి పెట్రోలు ఇంజిన్ల కోసం. సీఎఫ్-4 తరగతి 1990లో, సీహెచ్-4 1998లో, సీఐ-4 2002లో, సీజే-4 2006లో, సీకే-4 2016లో వచ్చాయి. కొత్త తరగతి ఆయిల్ మసిని మరింత బాగా తనలో కలుపుకుని ఉంచుతుంది, వేడికి త్వరగా చెడిపోదు. సాధారణంగా సీహెచ్-4 అడిగే ఇంజిన్‌కు సీఐ-4 పోయవచ్చు. సీఐ-4 అడిగే ఇంజిన్‌కు సీఎఫ్ పోయకూడదు. మోటారు సైకిలు ఆయిల్, ఎస్ తరగతి మాత్రమే ఉన్న కారు ఆయిల్ ట్రాక్టరుకు పనికిరావు.

ఆయిల్లో ఆమ్లాన్ని విరిచే క్షార గుణం కూడా ఉంటుంది. డీజిల్లోని గంధకం మండినప్పుడు పుట్టే ఆమ్లం నుంచి బేరింగులను కాపాడేది అదే. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా పది లక్షల పాళ్లలో 10 పాళ్లకు మించి గంధకం లేని బీఎస్-6 డీజిల్ దొరుకుతోంది. ఫలితంగా ఆయిల్ మీద ఆమ్లం భారం బాగా తగ్గింది. సీజే-4, సీకే-4 తరగతుల్లో బూడిద మిగిల్చే పదార్థాలకు పరిమితి పెట్టడానికి కారణం పొగగొట్టంలో అమర్చే మసి ఫిల్టర్లు. మన దేశంలో ట్రెమ్-4 ఉద్గార నియమాలు 2023 జనవరి నుంచి 50 హార్స్‌పవర్ దాటిన ట్రాక్టర్లకే అమలయ్యాయి. అందువల్ల మసి ఫిల్టరు లేని మినీ ట్రాక్టరుకు సీకే-4 ఆయిల్ తప్పనిసరి కాదు. పుస్తకం సీఐ-4 చాలునంటే అదే సరిపోతుంది.

కొత్త ఆయిల్ పోసిన కొద్ది గంటలకే నల్లబడిందని రైతులు కంగారుపడుతుంటారు. డీజిల్ ఇంజిన్‌లో అది సహజం. మసిని ముద్ద కట్టనీయకుండా తనలో తేలుస్తూ ఉంచడం ఆయిల్ చేయవలసిన పని. నలుపు ఒక్కటే చూసి ఆయిల్ చెడిందని అనుకోకూడదు. వేళ్ల మధ్య గరుకుగా తగలడం, డీజిల్ వాసన గట్టిగా రావడం, డిప్‌స్టిక్ మీద మట్టం ఉన్నట్టుండి పెరగడం, తెల్లటి నురుగు కనిపించడం చెడు గుర్తులు. మట్టం పెరిగిందంటే డీజిలో, కూలింగ్ నీళ్లో ఆయిల్లో కలుస్తున్నాయని అర్థం. అలాంటప్పుడు ఆయిల్ మార్చి ఊరుకుంటే లాభం లేదు, లోపం ఎక్కడుందో మెకానిక్‌తో చూపించాలి.

గేర్, హైడ్రాలిక్ ఆయిళ్లు

తప్పు ఆయిల్ పోసే ప్రమాదం ఇంజిన్ కంటే వెనుక హౌసింగ్‌లోనే ఎక్కువ. పాత తరహా అమరికల్లో గేరుపెట్టెకు 90 లేదా 80డబ్ల్యూ-90 గేర్ ఆయిల్, హైడ్రాలిక్‌కు వేరే ఆయిల్ వాడేవారు. కొత్త మినీ ట్రాక్టర్లలో చాలావాటికి రెండింటికీ ఒకటే ఆయిల్ సరిపోతుంది. దాన్ని యూటీటీఓ అంటారు. గేరు పళ్ల మధ్య ఒత్తిడిని తట్టుకోవడం, పంపుకు సులువుగా అందడం, ఆయిల్ బ్రేకుల పలకలకు తగినంత రాపిడి ఇవ్వడం ఈ ఆయిల్ బాధ్యతలు.

ఇలాంటి బండిలో 90 గేర్ ఆయిల్ పోస్తే లిఫ్టు నెమ్మదిస్తుంది, పంపు గోల పెడుతుంది. బ్రేకు పలకలు జారడమో, కీచుమనడమో మొదలవుతుంది. ఇంజిన్ ఆయిల్ పోస్తే బ్రేకులకు కావలసిన రాపిడి గుణం దొరకదు. ఇంజిన్‌కు, గేర్లకు, హైడ్రాలిక్‌కు మూడింటికీ సరిపడేలా చేసే ఎస్‌టీఓయూ రకం ఆయిళ్లు కూడా ఉన్నాయి. పుస్తకంలో ఆ పేరు ఉంటేనే వాటిని వాడాలి.

గేర్ ఆయిళ్లలో జీఎల్-4, జీఎల్-5 అని రెండు తరగతులు తరచుగా కనిపిస్తాయి. జీఎల్-5లో గంధకం, భాస్వరం కలిసిన ఒత్తిడి నిరోధక రసాయనాలు ఎక్కువ. అంకె పెద్దది కాబట్టి మేలైనదని దుకాణంలో సలహా ఇస్తుంటారు. ఇత్తడి, కంచు భాగాలున్న గేరుపెట్టెల్లో ఆ రసాయనాలు వాటిని తినేయవచ్చు. జీఎల్-4 అని రాసి ఉన్నచోట జీఎల్-4 వాడడమే క్షేమం.

జాన్ డీర్ హై-గార్డ్, కుబోటా సూపర్ యూడీటీ వంటివి ఆయా కంపెనీలు తమ బండ్లకు సూచించే ఆయిళ్లు. ఇండియన్ ఆయిల్ సంస్థ సర్వో, భారత్ పెట్రోలియం మాక్, హిందుస్థాన్ పెట్రోలియం ఆయిళ్లు బంకుల్లో, ఆటోమొబైల్ దుకాణాల్లో దొరుకుతాయి. వేరే కంపెనీ ఆయిల్ తీసుకునేటప్పుడు పుస్తకంలో ఉన్న స్పెసిఫికేషన్ పేరు ఆ డబ్బా మీద ఉందో లేదో చూడాలి. హైడ్రాలిక్ ఆయిల్ అనే మాట ఒక్కటే చాలదు. జేసీబీ, రైసుమిల్లు యంత్రాల్లో పోసే 46, 68 గ్రేడు హైడ్రాలిక్ ఆయిళ్లకు ట్రాక్టరు గేర్లను, బ్రేకులను కాపాడే గుణం ఉండదు.

ఆయిల్ ఫిల్టరు

ఆటోమొబైల్ ఇంజిన్లకు ఆయిల్ ఫిల్టరు 1923లో ప్యూరొలేటర్ పేరుతో వచ్చింది. ఇప్పటి మినీ ట్రాక్టర్లలో చాలావాటికి చేత్తో తిప్పి బిగించే డబ్బా ఫిల్టరు ఉంటుంది. లోపల మడతలు పెట్టిన కాగితం, దానితో పాటు రెండు చిన్న వాల్వులు. ఇంజిన్ ఆగినప్పుడు ఫిల్టరులోని ఆయిల్ కిందికి జారిపోకుండా ఒకటి ఆపుతుంది. దాని వల్ల మరుసటి ఉదయం ఇంజిన్ తిరగగానే ఆయిల్ ఆలస్యం లేకుండా అందుతుంది. కాగితం పూడిపోతే రెండో వాల్వు తెరుచుకుని ఆయిల్‌ను వడకట్టకుండానే ఇంజిన్‌కు పంపుతుంది. ఆయిల్ అసలు అందకపోవడం కంటే వడకట్టని ఆయిల్ అందడం నయమన్న ఆలోచనతో చేసిన ఏర్పాటు ఇది. గడువు దాటిన ఫిల్టరుతో ఇంజిన్ నడుస్తూనే ఉంటుంది కనుక లోపల జరిగే అరుగుదల బయటికి తెలియదు.

ఫిల్టరు ఎంతబాగా వడకడుతుందో బీటా నిష్పత్తి చెబుతుంది. ఒక పరిమాణం రేణువులు ఫిల్టరు ముందు రెండు ఉంటే, దాటాక ఒకటి మిగిలితే బీటా 2. అంటే సగమే ఆగినట్టు. బీటా 20 అయితే 95 శాతం, బీటా 75 అయితే 98.7 శాతం ఆగుతాయి. అందుకే ఫలానా మైక్రాన్ల ఫిల్టరు అన్న మాటకు ఎంత శాతం ఆపుతుందో కూడా చెబితేనే అర్థం.

ఎంపికలో మొదట చూడవలసింది పార్టు నంబరు. చూపుకు ఒకేలా ఉన్నంత మాత్రాన సరిపోదు. డబ్బా ఫిల్టర్లలో ముప్పావు అంగుళం మర, 20 మిల్లీమీటర్ల మర రెండూ విరివిగా కనిపిస్తాయి. ముప్పావు అంగుళమంటే 19.05 మిల్లీమీటర్లు. తేడా ఒక మిల్లీమీటరు కూడా లేదు కాబట్టి కంటికి అందదు. మర సరిగా కూర్చోని ఫిల్టరు పని మధ్యలో ఊడితే ఆయిలంతా పోయి క్షణాల్లో బేరింగులు పట్టేస్తాయి. వాల్వు తెరుచుకునే ఒత్తిడి కూడా ఇంజిన్‌ను బట్టి మారుతుంది. అది బయటికి కనిపించేది కాదు.

బిగించేటప్పుడు పాత రబ్బరు వాషరు ఇంజిన్‌కే అంటుకుని ఉండిపోయిందేమో చూడాలి. కొత్త వాషరుకు కొంచెం ఆయిల్ రాసి, అది ఆనేదాకా చేత్తో తిప్పి, ఆ తర్వాత ఫిల్టరు మీద సూచించినంత మాత్రమే బిగించాలి. సాధారణంగా అది మరో ముప్పావు చుట్టు. ఇంజిన్ నడిపి, ఆపి, కారుతోందేమో చూసి మట్టం సరిచేయాలి.

డీజిల్ ఫిల్టరు

డీజిల్ పంపు, నాజిళ్లలో కదిలే భాగాల మధ్య సందు కొన్ని మైక్రాన్లే. మనిషి వెంట్రుక మందం దాదాపు 70 మైక్రాన్లు. అందువల్ల కంటికి కనిపించని ఇసుక రేణువు కూడా పంపును గీరేయగలదు. నీరు అంతకన్నా హానికరం. తీరప్రాంతపు తేమగాలి సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో రాత్రిపూట చల్లబడి నీటి బొట్లుగా మారుతుంది. ఆ నీరు డీజిల్ కంటే బరువు కాబట్టి అడుగుకు చేరి తుప్పు పుట్టిస్తుంది. నీరు, డీజిల్ కలిసే చోట సూక్ష్మజీవులు పెరిగి జిగురు కట్టి ఫిల్టరును పూడ్చేస్తాయి.

సాయంత్రం పని ముగిశాక ట్యాంకు నింపి పెట్టడం, ఉదయం స్టార్టు చేసే ముందు నీటిని వేరుచేసే గిన్నె కింది స్క్రూ వదులుచేసి అడుగు నీటిని వదిలేయడం మంచి అలవాట్లు. పొలంలో డబ్బాతో పోసేవారు డబ్బా అడుగున పేరుకున్న డీజిల్‌ను పోయకూడదు. ఫిల్టరు మార్చాక గొట్టాల్లో చేరిన ఎయిర్ తీయకపోతే ఇంజిన్ స్టార్టు కాదు. ఎక్కడి నుంచి తీయాలో పుస్తకంలో బొమ్మతో సహా ఉంటుంది.

ఎయిర్ ఫిల్టరు

లీటరు డీజిల్ పూర్తిగా మండడానికి దాదాపు 10 వేల లీటర్ల గాలి కావాలి. డీజిల్ ఇంజిన్ నిజానికి అంతకంటే ఎక్కువే పీల్చుకుంటుంది. రోజుకు పది లీటర్ల డీజిల్ తాగే చిన్న బండి కూడా లక్ష లీటర్లకు పైగా గాలిని లాగుతుంది. వేసవిలో ఇసుక నేలల్లో రోటావేటరు తిరిగేటప్పుడు ఆ గాలిలో ఎంత దుమ్ము ఉంటుందో ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు. ఇసుకలోని సిలికా ఇనుము కంటే గట్టిది. ఎయిర్ ఫిల్టరు గొట్టంలో చిన్న పగులు ఉన్నా పిస్టన్ రింగులు, లైనర్లు అరిగిపోతాయి. ట్రాక్టర్లకు పనికొచ్చే ఎయిర్ క్లీనరు కోసం జరిగిన ప్రయత్నంతోనే 1915లో అమెరికాలో డొనాల్డ్‌సన్ సంస్థ పుట్టింది.

మన బండ్లలో రెండు రకాలున్నాయి. ఆయిల్ గిన్నె రకంలో గాలి ఆయిల్ మీదుగా, తర్వాత లోహపు జాలీ మీదుగా పోతుంది. గిన్నెలో గుర్తు వరకే ఆయిల్ ఉండాలి. తక్కువైతే దుమ్ము దాటిపోతుంది. ఎక్కువైతే ఆయిల్ ఇంజిన్లోకి లాక్కుపోతుంది. ప్రభుత్వ పరీక్షల్లో వంపుగా నిలబెట్టిన బండిలో ఆయిల్ అలా లాక్కుపోతుందేమో ప్రత్యేకంగా పరిశీలిస్తారు. గిన్నె అడుగున మట్టి చేరగానే ఆయిల్ పారబోసి, గిన్నె కడిగి, కొత్త ఆయిల్ పోయాలి. దుమ్ము రోజుల్లో ఇది రోజూ చూసుకునే పని.

పొడి రకంలో కాగితపు ఫిల్టరు ఉంటుంది. చాలావాటిలో దానికి లోపల రక్షణగా మరో సన్నని ఫిల్టరు కూడా ఉంటుంది. బయటి దాన్ని లోపలి వైపు నుంచి తక్కువ ఒత్తిడి గాలితో ఊదవచ్చు. నేలకేసి కొట్టడం, పంక్చరు షాపు కంప్రెసరుతో పూర్తి ఒత్తిడిన ఊదడం కాగితాన్ని చింపేస్తాయి. లోపలి ఫిల్టరును శుభ్రం చేయరు, గడువుకు మారుస్తారు. ఎయిర్ ఫిల్టరును పదేపదే తెరవడం కూడా మంచిది కాదు. తెరిచిన ప్రతిసారీ కొంత దుమ్ము లోపలికి పోతుంది. అడ్డంకిని చూపే సూచిక ఉన్న బండిలో అది ఎర్రబడ్డాక తెరవడమే సరైన పద్ధతి. కింద ఉండే రబ్బరు మూతిని రోజూ నొక్కి దుమ్ము రాల్చాలి.

దమ్ములో నీటి సమస్య

అడుసులో గంటల తరబడి నడిచిన బండి హౌసింగ్, ఇరుసు హబ్బులు వేడెక్కుతాయి. ఆ వేడి లోహాన్ని చల్లని నీరు తాకగానే లోపలి గాలి కుంచించుకుపోతుంది. ఆ లాగుడుకు సీళ్ల పక్కనుంచో, గాలి వదిలే బ్రీదరు నుంచో నీరు లోపలికి చేరుతుంది. దమ్ము చక్రాలకు చుట్టుకున్న గడ్డి, చెత్త ఇరుసు సీళ్లను కోసినా ఇదే జరుగుతుంది. ఫోర్‌వీల్ డ్రైవ్ బండ్ల ముందు హబ్బులు నేలకు దగ్గరగా ఉంటాయి కాబట్టి వాటికి ముప్పు ఎక్కువ.

నీరు కలిసిన ఆయిల్ పాలు కలిపినట్టు తెల్లబడుతుంది. ఆ దశకు రాకముందే కనిపెట్టడానికి సులువైన పద్ధతి ఉంది. బండిని రాత్రంతా కదలకుండా ఉంచి, ఉదయం డ్రెయిన్ బోల్టును కొంచెం వదులుచేస్తే అడుగున చేరిన నీరు ముందుగా వస్తుంది. నీరు రాకపోయినా అనుమానం ఉంటే ఒక చుక్క ఆయిల్‌ను బాగా కాలిన ఇనుప రేకు మీద దూరం నుంచి వేసి చూడవచ్చు. చిటపటలాడితే నీరు ఉన్నట్టే. తెల్లబడిన ఆయిల్‌ను వెంటనే తీసేయాలి. హైడ్రాలిక్ ఫిల్టరు కాగితం నీటికి ఉబ్బుతుంది కనుక దాన్నీ అప్పుడే మార్చాలి. నీరు చేరిన దారి మూయకుండా కొత్త ఆయిల్ పోస్తే వారంలో అదీ తెల్లబడుతుంది. అందువల్ల ముందు సీలు, తర్వాత ఆయిల్.

దమ్ము సీజను ముందు బ్రీదరు పూడలేదని, సీళ్లు కారడం లేదని చూసుకోవడం, సీజను ముగిశాక గంటల లెక్కతో పనిలేకుండా హబ్బుల, హౌసింగ్ ఆయిళ్లను పరీక్షించడం ఈ ప్రాంతపు బండికి తప్పనిసరి సర్వీసుగా భావించాలి.

ఉప్పు, తుప్పు

ఉప్పునీటి గుంటల్లో, సముద్రపు ఒడ్డున పనిచేసిన బండిని ఆ సాయంత్రమే మంచినీళ్లతో కడగాలి. నీటి ధారను సీళ్ల మీదికి, బ్రీదరు మీదికి, ఎయిర్ ఫిల్టరు నోటి మీదికి సూటిగా కొట్టకూడదు. ఉప్పు వల్ల ఇరుసు మీద సీలు ఆనే చోట తుప్పు గరుకు ఏర్పడుతుంది. ఆ గరుకు సీలు పెదవిని రంపంలా కోస్తుంది. కడిగాక గ్రీజు నిపుళ్లలో పాత గ్రీజు, నీరు బయటికి వచ్చేదాకా కొత్త గ్రీజు కొట్టాలి. నీటిని తట్టుకోవడంలో కాల్షియం ఆధారిత గ్రీజులు మేలు. పుస్తకం అనుమతిస్తే వాటిని వాడవచ్చు. ఒక రకం గ్రీజు మీద మరో రకాన్ని కలపకూడదు. డబ్బా ఫిల్టర్ల బయటి రేకు కూడా ఉప్పుగాలికి తుప్పు పడుతుంది. గడువు మిగిలి ఉన్నా పొక్కులు లేచిన డబ్బాను మార్చాలి.

గడువులు

ట్రాక్టరు సర్వీసును కిలోమీటర్లలో కాక గంటల్లో లెక్కిస్తారు. మీటరు బోర్డు మీది గంటల లెక్కే దీనికి ఆధారం. కచ్చితమైన అంకెలు బండిని బట్టి మారతాయి. సాధారణ క్రమం ఇలా ఉంటుంది:

- రోజూ: ఇంజిన్ ఆయిల్ మట్టం, కూలింగ్ నీళ్లు, డీజిల్ గిన్నెలో నీరు, ఎయిర్ ఫిల్టరు దుమ్ము చూడడం. మట్టం చూసేటప్పుడు బండి చదునైన నేల మీద, ఇంజిన్ ఆపి కొన్ని నిమిషాలైనా గడిచి ఉండాలి.
- కొత్త బండికి మొదటి 50 గంటల దరిదాపుల్లో: ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్ల తొలి మార్పు. కొత్త భాగాలు ఒరుసుకున్నప్పుడు రాలే లోహపు పొడిని తీసేయడం దీని ఉద్దేశం.
- తర్వాత చాలా బండ్లకు ప్రతి 250 గంటలకు: ఇంజిన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టరు. ఆయిల్ మార్చిన ప్రతిసారీ ఫిల్టరూ మార్చడం మేలు.
- పుస్తకం సూచించిన మరింత దీర్ఘమైన గడువులకు: హౌసింగ్ ఆయిల్, హైడ్రాలిక్ ఫిల్టరు, ముందు ఇరుసు ఆయిల్.

ఏడాదికి 250 గంటలు నడవని బండ్లు ఎన్నో ఉంటాయి. గంటలు పూర్తి కాకపోయినా ఏడాదికి ఒకసారి ఇంజిన్ ఆయిల్ మార్చాలి. నిలిచి ఉన్న ఆయిల్లో తేమ, ఆమ్లం పేరుకుంటాయి. మార్చిన తేదీ, గంటల లెక్క, పోసిన ఆయిల్ గ్రేడు, ఫిల్టరు నంబరు ఒక నోటు పుస్తకంలో రాసుకుంటే మెకానిక్ మారినా బండి చరిత్ర మన చేతిలో ఉంటుంది.

కొనుగోలు, నకిలీలు

పల్లెలో పని ఆగినప్పుడు దొరికిందేదో పోసి బండి కదిలించాలన్న తొందర సహజం. దమ్ము రోజుల్లో ఒక్క పూట పోయినా కూలీలు, నారు, నీళ్ల వంతు అన్నీ తారుమారవుతాయి. ఆ ఒత్తిడిలో తప్పు ఆయిల్ కొనకుండా ఉండాలంటే సీజను ముందే ఒక విడత ఆయిల్, ఆయిల్ ఫిల్టరు, డీజిల్ ఫిల్టరు కొని ఇంట్లో పెట్టుకోవాలి. మినీ ట్రాక్టరు ఇంజిన్‌కు పట్టే ఆయిల్ కొద్ది లీటర్లే కాబట్టి ఇది మోయలేని ఖర్చు కాదు. గూడూరు, నాయుడుపేట, నెల్లూరు లాంటి పట్టణాలకు వేరే పని మీద వెళ్లినప్పుడు పాత ఫిల్టరునో, దాని మీది నంబరు ఫొటోనో వెంట తీసుకెళితే సరిపోతుంది.

మూత సీలు చెదిరిన డబ్బా, బ్యాచి నంబరు లేదా తయారీ తేదీ చెరిగిన డబ్బా, విడిగా కొలిచి పోసే ఆయిల్ కొనకూడదు. బిల్లు తప్పక అడగాలి. వారంటీలో ఉన్న బండికి ఆ బిల్లే సాక్ష్యం. ఖాళీ డబ్బాలను మూతతో సహా అమ్మేస్తే అవే నకిలీ ఆయిల్‌తో తిరిగి రావచ్చు. వాటిని పాత సామాన్లకు వేసేముందు కన్నం పొడవాలి. నకిలీ ఫిల్టరులో కాగితం మడతలు తక్కువగా ఉండవచ్చు, వాల్వు లేకపోవచ్చు. ధరలో మిగిలే కొద్ది మొత్తం ఇంజిన్ విప్పే ఖర్చు ముందు లెక్కలోకి రాదు.

పరీక్షలు, శిక్షణ

మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో 1955లో ఏర్పడిన కేంద్ర వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ట్రాక్టర్లను భారత ప్రమాణాల ప్రకారం పరీక్షించి నివేదికలు వెలువరిస్తుంది. ఒక్కో మోడల్‌కు ఏ ఆయిల్, ఎంత పరిమాణం, ఎయిర్ క్లీనరు ఏ రకం అన్న వివరాలు ఆ నివేదికల్లో ఉంటాయి. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో 1983 నుంచి దక్షిణ ప్రాంత సంస్థ పనిచేస్తోంది. రైతులకు, యువకులకు యంత్రాల వాడకం, మరమ్మతుల్లో అక్కడ శిక్షణ ఇస్తారు. పుస్తకం పోయిన పాత బండి కొన్నవారు డీలరును పార్టు నంబర్లు అడగడంతో పాటు ఆ మోడల్ పరీక్షా నివేదికను కూడా చూడడం మంచిది.

ఈ వివరాలు తెలుగులో బండి మీదే అందుబాటులో ఉండాలి. అమ్మకానికి ముందే ఫెండరు మీద ఆయిల్ గ్రేడు, పరిమాణం, ఫిల్టరు నంబర్లు, దమ్ము తర్వాతి పరీక్షలు రాసిన రేకు బిగించడం ఏ కంపెనీకీ పెద్ద పని కాదు. బండి నడిపేవారిలో చాలామంది యజమానులు కారు, కూలికి వచ్చే డ్రైవర్లు. పుస్తకం యజమాని బీరువాలో ఉంటే వారికి ఉపయోగం లేదు.

వాడిన ఆయిల్

తీసేసిన పాత ఆయిల్లో మసి, లోహపు పొడి, కాలినప్పుడు పుట్టిన హానికర రసాయనాలు ఉంటాయి. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాలు దీన్ని ప్రమాదకర వ్యర్థంగానే చూస్తాయి. వాడిన ఆయిల్‌ను తిరిగి సేకరించి శుద్ధి చేయించే బాధ్యతను 2024 ఏప్రిల్ 1 నుంచి ఆయిల్ తయారీదారుల మీద కూడా పెట్టారు. శుద్ధి చేసిన ఆయిల్ మళ్లీ కందెనగా పనికొస్తుంది కాబట్టి అది వృథా సరుకు కాదు.

వాకాడు కాలువల్లో పారే నీరు రొయ్యల గుంటలకు, సముద్రానికి చేరుతుంది. చుట్టుపక్కల పులికాట్ సరస్సు, నేలపట్టు పక్షుల కేంద్రం ఉన్నాయి. నీటి మీద పరుచుకున్న ఆయిల్ పొర గాలిని నీటిలో కలవనీయదు, పక్షుల రెక్కలను అంటుకుంటుంది. పాత ఆయిల్‌ను కాలువ గట్టున పారబోయడం, దుమ్ము లేవకుండా వాకిట్లో చల్లడం, ఇటుక బట్టీలకు మంటగా అమ్మడం మానుకోవాలి. మూత ఉన్న డబ్బాలో నీరు, డీజిల్ కలవకుండా పోగుచేసి, అనుమతి ఉన్న సేకరణదారుకు అందించే సర్వీసు సెంటరులో ఇవ్వాలి. పాత ఫిల్టరును బోర్లించి రాత్రంతా ఆయిల్ కారనిచ్చి అదే డబ్బాలో చేర్చాలి. ఊరికి ఒకటి రెండు పెద్ద డ్రమ్ములు పెట్టి, మెకానిక్ షెడ్ల నుంచి నెలకోసారి సేకరించే ఏర్పాటును పంచాయతీలు, రైతు సంఘాలు తలచుకుంటే సులువుగా చేయగలవు.